పాకల దారిలో మూడు కళ్ళ ప్రొజెక్టర్: తగ్గిన వెడల్పు, విడిపోయిన రంగులు

"బొమ్మలో మనుషులందరూ సన్నబడ్డారు నాయనా. మొహాలకు ఒక పక్క ఎర్రంచు, ఇంకో పక్క నీలంచు కనపడతా ఉంది." పెద్దాయన ఫోన్‌లో చెప్పిన కంప్లయింట్ ఇంతే. ముప్పై ఏళ్ళుగా ఒంగోల్లో టీవీలు, ప్రొజెక్టర్లు రిపేరు చేస్తున్నాను. ఇంత తేటగా జబ్బు చెప్పిన కస్టమర్లు తక్కువ. వెడల్పు తగ్గింది, కన్వర్జెన్స్ పోయింది, అంటే మూడు రంగుల బొమ్మలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవట్లేదు. రెండూ ఒక్క మాటలో చెప్పేశారు. ఈ రెంటికీ సంబంధం ఉంది. పని పూర్తిగా తేలడానికి మాత్రం నాకు మూడుసార్లు వెళ్ళాల్సి వచ్చింది.

సింగరాయకొండ నుంచి పాకల సముద్రం వైపు వెళ్ళే దారిలో వాళ్ళ ఊరు. 1990ల్లో చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిళ్ళకు, తిరునాళ్ళకు వీడియో షోలు వేసిన మనిషాయన. ప్రొజెక్టర్ అప్పట్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ముందువైపు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు లెన్సులు, వాటి వెనక మూడు 7 అంగుళాల పిక్చర్ ట్యూబులు. ఆ రోజుల్లో జనం దాన్ని మూడు కళ్ళ ప్రొజెక్టర్ అనేవాళ్ళు. రిమోట్‌తో మెనూలో సరిచేసే తరం కాదు. మూత తీస్తే బోర్డు మీద వరసగా చిన్న చిన్న ప్రీసెట్లు, స్క్రూడ్రైవర్‌తో తిప్పాలి. షోలు ఆగిపోయాక ఇన్నేళ్ళూ మేడ మీద గదిలో ఉంది. కూతురి పెళ్ళి క్యాసెట్‌ను మనవళ్ళకు పెద్ద తెర మీద చూపించాలని బయటికి తీశారు.

నేను వెళ్ళేటప్పటికే ఇంకెవరో మెకానిక్ వచ్చి చూసి వెళ్ళాడు. కన్వర్జెన్స్ ప్రీసెట్ల మీద కొత్త గీతలు పడి ఉన్నాయి. అతన్ని తప్పు పట్టను. కళ్ళకు కనపడేది రంగుల విడిపోవడమే కాబట్టి ఎవరి చెయ్యైనా ముందు అక్కడికే పోతుంది. ఈ కేసులో నేను గట్టిగా చెప్పాలనుకున్న మాట అదే. వెడల్పు ఎందుకు తగ్గిందో తేల్చకుండా కన్వర్జెన్స్ ప్రీసెట్ ఒక్కటి కూడా ముట్టుకోకూడదు.

మొదటి రోజు స్క్రూడ్రైవర్ బయటికి తీయలేదు. టేపు, దారం, మీటర్, తెర మీద గడుల బొమ్మ వేసే పాటర్న్ జనరేటర్, ఇవే పని చేశాయి. తెర 6 అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తు, అంటే పాత టీవీ కొలత 4:3. గడుల పాటర్న్ వేసి కొలిస్తే ఎత్తు సరిగ్గా నిండింది. వెడల్పు 64 అంగుళాలే వచ్చింది. ఉండాల్సింది 72. రెండు పక్కలా నాలుగేసి అంగుళాలు ఖాళీ. ఎత్తు బాగుండి వెడల్పు ఒక్కటే తగ్గిందంటే ఎత్తును చూసే వర్టికల్ సెక్షన్‌ను పక్కన పెట్టేయొచ్చు.

తర్వాత ఒక్కో రంగునూ విడిగా చూశాను. ఎరుపు, నీలం లెన్సులకు అట్టముక్క అడ్డం పెట్టి ఆకుపచ్చ ఒక్కటే వదిలితే 64 అంగుళాలు. ఎరుపు ఒక్కటే వదిలినా దాదాపు అంతే, నీలమూ అంతే. ఒక రంగు మాత్రమే ఇరుకైతే ఆ ట్యూబు యోక్‌నో (ట్యూబులో కిరణాన్ని అటూ ఇటూ తిప్పే కాయిల్), ఆ రంగు కన్వర్జెన్స్ సర్క్యూట్‌నో అనుమానించాలి. మూడూ ఒకే లెక్కన ఇరుకైతే మూడింటికీ కలిసి ఉన్న చోట వెతకాలి. ఈ సెట్‌లో మూడు యోక్‌లనూ అడ్డంగా నడిపేది ఒకే సర్క్యూట్, హారిజాంటల్ అవుట్‌పుట్. దానికి వోల్టేజీ ఇచ్చేది వెనక ఉన్న బీ ప్లస్ సప్లై.

గడులను కూడా వరసగా కొలిచాను. మధ్య గడికీ అంచు గడికీ తేడా లేదు. అడ్డంగా గడులు సమానంగా పడేలా చూసే ఎస్ కరెక్షన్ కెపాసిటర్ విలువ పడిపోయి ఉంటే మధ్య గడులు సాగి, అంచు గడులు నొక్కుకుపోయి ఉండేవి. అలా లేదు. బొమ్మ మొత్తం ఒకే తీరుగా ముడుచుకుంది.

పెద్దాయన అనుమానం కరెంటు మీద. "సాయంత్రం ఆరయితే చెరువుల కాడ ఏరియేటర్లు వేస్తారు. ఫ్యాను కూడా సరిగ్గా తిరగదు అబ్బాయ్" అన్నారు. ఆ మాట కొట్టిపారేసేది కాదు. ఆ తీరంలో నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్లు నడిచే రొయ్యల చెరువుల ఊళ్ళలో రాత్రి వోల్టేజీ ఎలా ఉంటుందో నాకు తెలుసు. ప్లగ్ దగ్గర 192 వోల్టులు చూపించింది. స్టెబిలైజర్ పెట్టి 228కి తెచ్చాను. తెర మీద వెడల్పు పావు అంగుళం కూడా కదల్లేదు. అంటే లోపల బీ ప్లస్‌ను నిలకడగా ఉంచే రెగ్యులేటర్ తన పని తాను చేస్తోంది, కాకపోతే తక్కువ వోల్టేజీ దగ్గర నిలబెడుతోంది. బోర్డు మీద బీ ప్లస్ టెస్ట్ పాయింట్ పక్కన 115 అని వోల్టేజీ అచ్చు వేసి ఉంది. మీటర్ పెడితే 102.

ఇక్కడ ఒక చిన్న లెక్క. ఈ సెట్‌లో ట్యూబులకు వెళ్ళే హై వోల్టేజ్ వేరే సర్క్యూట్ నుంచి వస్తుంది, కిరణాన్ని తిప్పే సర్క్యూట్‌తో, అంటే డిఫ్లెక్షన్‌తో కలిసి లేదు. అలాంటప్పుడు వెడల్పు బీ ప్లస్‌ను బట్టి నేరుగా తగ్గుతుంది, పెరుగుతుంది. 115లో 102 అంటే నూటికి 89 పాళ్ళు. 72 అంగుళాల్లో 64 అన్నా నూటికి 89 పాళ్ళే. ఈ రెండు లెక్కలూ కలిసినప్పుడు నాకు ధైర్యం వచ్చింది. వెడల్పు సరిచేసే విడ్త్ కాయిల్ జోలికి పోనక్కరలేదు, ఎస్ కెపాసిటర్ జోలికి పోనక్కరలేదు. తగ్గిన 13 వోల్టులు ఎక్కడ పోయాయో తేలిస్తే చాలు. హై వోల్టేజ్ కూడా డిఫ్లెక్షన్ నుంచే వచ్చే సెట్లలో ఈ లెక్క ఇంత నేరుగా కుదరదు. రెండూ కలిసి పడతాయి కాబట్టి వెడల్పు తక్కువగానే మారుతుంది. ఆ తేడా తెలియకుండా ఈ సూత్రం వాడొద్దు.

బీ ప్లస్ ప్రీసెట్ ఒకటి ఉంది. దాన్ని తిప్పితే 106 దాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ పాత గుర్తు దగ్గరికే తెచ్చి పెట్టాను. ప్రీసెట్ చివరిదాకా పోయినా చాలట్లేదంటే ఏదో పార్టు విలువ మారిపోయినట్టే.

ఆ రోజు వచ్చేముందు ఇంకో పని చేశాను, దారంతో. తెర కింది రెండు మూలల్లో మేకులు ఉన్నాయి. ఆకుపచ్చ లెన్సు నడిమధ్య నుంచి ఎడమ మూలకు దారం లాగి ముడి వేసి, అదే దారం కుడి మూలకు పట్టుకెళ్ళాను. మూడు అంగుళాలు చాలలేదు. గదికి సున్నాలు వేసినప్పుడు టేబుల్‌ను జరిపి, తిరిగి కంటి అంచనాతో పెట్టారట. టేబుల్‌ను ఐదు అంగుళాలు పక్కకు జరిపితే రెండు వైపులా 9 అడుగుల 7 అంగుళాలు కుదిరింది. టేబుల్ కాళ్ళ చుట్టూ నేల మీద సుద్దతో గీసి, పిల్లల్ని తొక్కనివ్వొద్దని చెప్పి వచ్చాను. ప్రొజెక్టర్ వంకరగా ఉంటే ఆ వంకరను ఎలక్ట్రానిక్స్‌తో సరిచేయాలి. సర్క్యూట్‌కు ఉన్న శక్తి అంతా అక్కడే ఖర్చయిపోతుంది. దారంతో అయ్యే పనిని ప్రీసెట్‌తో చేయకూడదు.

రెండోసారి పొద్దున్నే వెళ్ళాను. పవర్ బోర్డు బయటికి తీసి రెగ్యులేటర్ దగ్గర కూర్చున్నాను. అవుట్‌పుట్ నుంచి 82 కిలో ఓమ్‌ల రెసిస్టర్, అక్కడి నుంచి గ్రౌండ్‌కు 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్. ఈ రెండూ పంచి ఇచ్చే వోల్టేజీని చూసే రెగ్యులేటర్ ఎంత ఇవ్వాలో నిర్ణయించుకుంటుంది. కిందిది విలువ పెరిగితే, అవుట్‌పుట్ ఎక్కువైపోయిందని రెగ్యులేటర్ పొరపాటు పడి తగ్గించేస్తుంది. ఆ రెసిస్టర్ పక్కనే హీట్ సింక్ ఉంది. పసుపు, ఊదా, ఎరుపు పట్టీల్లో పసుపు కాస్తా మాడిన బెల్లం రంగుకు తిరిగింది. ఒక కాలు లేపి కొలిచాను. 5.3 కిలో ఓమ్‌లు. పాత కార్బన్ రెసిస్టర్లు వేడికి ఇలాగే పైకి పోతాయి. పై రెసిస్టర్ కొలిస్తే సరిగ్గానే ఉంది.

రూపాయి కూడా చేయని పార్టు. ఒక శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ వేసి, హీట్ సింక్‌కు దూరంగా కాళ్ళు పొడుగ్గా ఉంచి సోల్డర్ చేశాను. ఆన్ చేస్తే 114.4. ప్రీసెట్ వెంట్రుకవాసి తిప్పితే 115 కుదిరింది. వెంటనే హై వోల్టేజ్ ప్రోబ్‌తో యానోడ్ (ట్యూబుకు హై వోల్టేజ్ అందే చోటు) దగ్గర కూడా చూశాను. 32 వేల వోల్టుల దగ్గర నిలకడగా ఉంది, ముందుకూ ఇప్పటికీ తేడా లేదు. ఈ కొలత వదిలేయొద్దు. వెడల్పు కోసమని బీ ప్లస్‌ను ఇష్టమొచ్చినట్టు పెంచితే కొన్ని సెట్లలో హై వోల్టేజ్ కూడా పెరిగిపోతుంది, ట్యూబుల నుంచి ఎక్స్‌రేలు పెరుగుతాయి. అచ్చు వేసిన వోల్టేజీని దాటి ఒక్క వోల్టు కూడా పోకూడదు. ఆఫ్ చేసిన తర్వాత కూడా ట్యూబుల్లో చార్జ్ నిలబడి ఉంటుంది. డిశ్చార్జ్ చేయకుండా యానోడ్ దగ్గరికి చెయ్యి పెట్టొద్దు. ఇంట్లో ఇంకో మనిషి లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

వెడల్పు టేపుతో కొలిస్తే 71న్నర. మిగతా అర అంగుళం విడ్త్ కాయిల్ కోర్‌ను పావు వంతు తిప్పితే వచ్చింది. ప్లాస్టిక్ కడ్డీతోనే తిప్పాలి. ఇనప స్క్రూడ్రైవర్ పెడితే దాని వల్లే వెడల్పు మారుతుంది, తీయగానే మళ్ళీ వేరే కొలత వస్తుంది. ఫెర్రైట్ కోర్ పెళుసు కూడా.

వెడల్పు సరిపోయింది గానీ రంగులు ముందుకంటే ఘోరంగా తయారయ్యాయి. అంచుల్లో ఎరుపుకూ ఆకుపచ్చకూ మధ్య చిటికెన వేలంత సందు. పెద్దాయన మొహం వాడిపోయింది. "చెడగొట్టావేమో చూడు నాయనా" అనలేదు గానీ అన్నంత పని అయింది. ఆయనకు వివరంగా చెప్పాను, ఇక్కడా చెబుతాను.

ఆకుపచ్చ ట్యూబు మధ్యలో కూర్చుని తెరను నేరుగా చూస్తుంది. ఎరుపు, నీలం పక్కల నుంచి ఏటవాలుగా చూస్తాయి. అందువల్ల ఎరుపు బొమ్మ ఒక పక్క పొడుగ్గా, ఇంకో పక్క పొట్టిగా పడుతుంది. నీలం దానికి తలకిందులు. ఈ వంకరకు ఎదురు వంకర ఇచ్చి ఆకుపచ్చ మీద కూర్చోబెట్టడమే కన్వర్జెన్స్ కాయిళ్ళ పని. ఎంత ఎదురు వంకర కావాలన్నది బొమ్మ ఎంత పెద్దదన్న దాని మీద ఆధారపడుతుంది. బొమ్మ ముడుచుకుపోతే పాత దిద్దుబాటు దానికి ఎక్కువైపోతుంది, అంచుల్లో రంగులు విడిపోతాయి. పెద్దాయనకు మొదట కనపడిన ఎర్రంచు, నీలంచు అవే. కన్వర్జెన్స్ బోర్డు చెడిపోయి వచ్చినవి కావు. ముందు వచ్చిన మెకానిక్ ఆ ముడుచుకున్న బొమ్మకు సరిపోయేలా ప్రీసెట్లు తిప్పాడు. ఇప్పుడు బొమ్మ అసలు కొలతకు వచ్చింది కాబట్టి అతని దిద్దుబాటు కూడా తప్పయింది. పొట్టి మనిషి కొలతకు కత్తిరించిన చొక్కా పొడుగు మనిషికి తొడిగినట్టు.

అన్ని ప్రీసెట్ల ఫోటోలు ఫోన్‌లో తీసుకుని, మార్కర్‌తో గుర్తులు పెట్టి మొదలుపెట్టాను. సముద్రపు గాలికి వాటిలో ఉప్పు పట్టింది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఒక్కోదాన్ని అటూ ఇటూ పదిసార్లు తిప్పి మళ్ళీ గుర్తు దగ్గర పెట్టడానికే గంట పట్టింది.

తర్వాత ఒక తప్పు చేశాను. ఆన్ చేసిన పది నిమిషాలకే కన్వర్జెన్స్ మొదలుపెట్టాను. అరగంట ఆగాలని తెలుసు. మధ్యాహ్నం కరెంటు పోతుందన్న తొందర. ఎరుపును ఆకుపచ్చ మీదికి తెచ్చి పక్కకు తిరిగేసరికి అది అర వేలు జరిగి ఉంది. మళ్ళీ తెచ్చాను, మళ్ళీ జరిగింది. వేడెక్కుతోంది కదా, అందుకే కదులుతోందని రెండు గంటలు దాంతోనే సరిపోయింది. చివరికి చూస్తే నీలం మాత్రం కదలట్లేదు. వేడెక్కడం వల్లయితే రెండూ కదలాలి.

పాటర్న్ తెర మీద ఉంచి, ప్లాస్టిక్ కడ్డీ వెనక భాగంతో కన్వర్జెన్స్ బోర్డు మీద మెల్లగా తట్టుకుంటూ పోయాను. ఎరుపు అవుట్‌పుట్ ఐసీ దగ్గరికి రాగానే తెర మీద ఎర్ర నిలువు గీతలన్నీ ఒక్కసారి ఎగిరిపడ్డాయి. బోర్డు తిప్పి భూతద్దం పెట్టి చూస్తే ఒక కాలు చుట్టూ సోల్డర్‌లో సన్నని గుండ్రటి గీత, గాజు గ్లాసుకు పడిన నెర్రెలాగా. హీట్ సింక్‌కు బిగించిన ఐసీలు వేడికి సాగి, చల్లారి ముడుచుకుని, ఏళ్ళ తరబడి కాళ్ళను లాగుతూ ఉంటాయి. సోల్డర్ అక్కడే పగులుతుంది. పాత సోల్డర్ మొత్తం పీల్చేసి కొత్తది వేశాను. పక్క ఐసీల కాళ్ళకూ వేశాను. వాటిలో పగుళ్ళు కనపడకపోయినా వయసు ఒకటే కదా.

ఈసారి నిండా ముప్పావుగంట ఆన్‌లో ఉంచాను. ఆ ఇంటి పిన్ని పెట్టిన భోజనం అప్పుడే చేశాం.

అసలు కన్వర్జెన్స్ నేను చేసే పద్ధతి చెబుతాను. ముందు ఆకుపచ్చ ఒక్కటే. మిగతా రెండు రంగులకూ అదే కొలబద్ద కాబట్టి ఇందులో తప్పుంటే అన్నింటికీ అంటుకుంటుంది. బ్రైట్‌నెస్ కాస్త పెంచితే బొమ్మ వెనక రాస్టర్, అంటే కిరణం గీసే వెలుగు చట్రం, మసకగా కనపడుతుంది. ముందు ఆ రాస్టర్ ట్యూబు మొహం మధ్యలో ఉందో లేదో చూసి, తర్వాత బొమ్మను పక్కకు జరిపే ఫేజ్ సర్దుబాటుతో దాన్ని రాస్టర్ మధ్యకు తెస్తాను. ఈ రెంటినీ కలగాపులగం చేస్తే బొమ్మ తెర మధ్యలో ఉన్నట్టే ఉంటుంది, ట్యూబులో మాత్రం ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. గీతలు నిటారుగా ఉన్నాయో లేదో కంటితో తేల్చను. తాపీమేస్త్రి గోడ నిలువు చూసే గుండుతాడు తెర పై అంచుకు కట్టి వదులుతాను. ఆ తాడు పక్కన ఆకుపచ్చ నిలువు గీత పెడితే వంకర ఎంతో దాక్కోదు. ఇక్కడ ఎడమ అంచు గీత నడుము దగ్గర లోపలికి వంగింది. వంపు తీసే బో ప్రీసెట్ రెండు చుక్కలు తిప్పితే తాడుకు ఆనింది.

తర్వాత నీలానికి అట్ట అడ్డం పెట్టి ఎరుపును ఆకుపచ్చ మీదికి తేవాలి. రెండూ కలిస్తే గీత పసుపు పచ్చగా మారుతుంది. ఎక్కడ పసుపు విరిగి ఎరుపు, ఆకుపచ్చ విడిగా కనపడతాయో అక్కడ ఇంకా పని ఉన్నట్టు. మధ్యలో గీతలు కలిసేదాకా అంచుల వైపు చూడనే చూడకూడదు. మధ్య అయ్యాక వాలు, వంపు, వెడల్పు, తర్వాత కీస్టోన్, అంటే ఒక పక్క పొడుగు, ఇంకో పక్క పొట్టి అయ్యే వంకర. చివరికి మూలలు. ఒక ప్రీసెట్ తిప్పితే ఇంకోటి కొద్దిగా చెదురుతుంది కాబట్టి మధ్య నుంచి అంచులకు కనీసం మూడు చుట్లు తిరగాలి. ఒక్క చుట్టులోనే మూలను పట్టుకుని తేల్చేయాలని చూస్తే తెల్లారిపోతుంది.

ఎరుపు అయ్యాక దాన్ని మూసి నీలం. ఎరుపు మీద చూపించినంత పట్టుదల నీలం మీద అక్కరలేదు. మన కన్ను నీలంలో సన్నని గీతలను అంత తేటగా పట్టుకోలేదు. తెలుపు సరిపోవడానికి ఈ ప్రొజెక్టర్లలో నీలం ఫోకస్‌ను కొంచెం మెత్తగా ఉంచడం కూడా మామూలే. కుడి పై మూలలో నీలం అర గీత అవతల ఉండిపోయింది. దాన్ని లాగితే కింది మూల పాడవుతోంది. వదిలేశాను. ఎరుపు అర గీత తప్పి ఉంటే వదిలేవాణ్ణి కాదు, మనిషి మొహం మీద అది వెంటనే తెలుస్తుంది.

సాయంత్రం నాలుగింటికి మూడూ తెరిచాం. గడులన్నీ తెల్లగా, తెర ఆ చివర నుంచి ఈ చివరకు.

ఒక సంగతి మాత్రం నేను సరిచేయలేకపోయాను. ఉత్త తెలుపు వేసి చూస్తే రెండు పక్కలా నాలుగేసి అంగుళాల పట్టీ మిగతా బొమ్మ కంటే కాస్త కాంతిగా, నీలం వైపు మొగ్గి కనపడుతోంది. షోలు వేసిన చివరి రోజుల్లోనే వెడల్పు తగ్గి ఉండాలి. ట్యూబుల్లో బొమ్మ పడిన మధ్య భాగంలో ఫాస్ఫర్ (వెలుగు ఇచ్చే పూత) అన్ని గంటలూ వాడి అరిగింది. అంచుల్లో వాడకుండా కొత్తగానే మిగిలింది. కదిలే బొమ్మలో పెద్దగా తెలియదు. ట్యూబు మారిస్తే తప్ప పోదని, మార్చాల్సినంత అవసరం లేదని చెప్పాను. పెద్దాయన ఒప్పుకున్నారు. వెడల్పు తగ్గిన రోజే చూపించి ఉంటే ఇది వచ్చేది కాదు. ఇలాంటి సెట్ ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే, బొమ్మ రెండు వేళ్ళు ఇరుకైందని తెలిసినా నడుపుతూ కూర్చోవద్దని అందుకే అంటున్నాను.

క్యాసెట్ వేసినప్పుడు బొమ్మ పై అంచు జెండాలా ఒక పక్కకు ఊగింది. మళ్ళీ పాడైందేమోనని పిన్ని కంగారుపడింది. అది ప్రొజెక్టర్‌ది కాదు, వీసీఆర్‌లో టేపు సాగడం వల్ల వచ్చేది. అందుకే నేను సెట్టింగు ఎప్పుడూ పాటర్న్ మీదే చేస్తాను. క్యాసెట్ బొమ్మ చూసి గీతలు సరిచేస్తే టేపు వంకరను ప్రొజెక్టర్‌కు నేర్పినట్టే.

వారం తర్వాత రాత్రి ఎనిమిదింటికి, ఏరియేటర్లు నడిచే వేళ చూసుకుని మూడోసారి వెళ్ళాను. ప్లగ్ దగ్గర 188 వోల్టులు, లోపల బీ ప్లస్ 115. వెడల్పు కదల్లేదు. ఎరుపు పై అంచులో గీత మందం జరిగింది, ఒక్క ప్రీసెట్‌తో కుదిరింది. కొలతలన్నీ ఒక కాగితం మీద రాసి మూత లోపలి వైపు అంటించాను. బీ ప్లస్ 115, దారం 9 అడుగుల 7 అంగుళాలు, బొమ్మ 72కి 54, మార్చిన రెసిస్టర్ 4.7 కిలో ఓమ్‌లు, ఆన్ చేశాక ముప్పావుగంట ఆగి చూడాలి. నేల మీద సుద్ద గీతలు అప్పటికే చెరిగిపోతున్నాయి. పెద్దాయన మనవడు పెయింటు డబ్బా తెచ్చి, టేబుల్ కాళ్ళ చుట్టూ తెల్లగా గీశాడు.